నూనె లేని డిస్ట్రిబ్యూటర్‌కు టైమింగ్ తిప్పితే ఏం లాభం?

ప్రశ్న: నమస్తే అన్నా. మాది పరకాల. మా బాపు దగ్గర 1978 మోడల్ అంబాసిడర్ మార్క్ 3 ఉన్నది, పెట్రోల్ బండి. బాపుకు ఇప్పుడు చూపు సరిగ్గ ఆనుతలేదు, అందుకే నేనే నడుపుతున్న. కొన్ని నెలల సంది ఒక్కటే గోస. పొద్దున స్టార్ట్ అయితది కని ఐడ్లింగ్‌ల ఊగుతది. రోడ్డెక్కినంక యాభై, అరవై స్పీడుల సాఫీగ పోయేటప్పుడు జర్కులు కొడ్తది. ఎక్సిలేటర్ గట్టిగ తొక్కితే జర్కు పోతది. మెకానిక్ దగ్గరికి పోతె డిస్ట్రిబ్యూటర్ జెరంత తిప్పి ఇస్తడు. వారం పది రోజులు మంచిగుంటది, మళ్ల అదే కథ. సీబీ పాయింట్లు మార్చినం, కండెన్సర్ మార్చినం, ప్లగ్గులు మార్చినం. ఒకాయన ఎలక్ట్రానిక్ కిట్ పెట్టుమంటడు, ఇంకొకాయన కొత్త డిస్ట్రిబ్యూటర్ తెప్పియ్యమంటడు, డీజిల్ ఇంజిన్ ఎక్కియ్యమన్నోళ్లు సుత ఉన్నరు. బాపు మాత్రం "దాంట్ల నూనె చుక్క పొయ్యిండ్రా లేదా?" అని అడుగుతడు. నూనె యాడ పొయ్యాలె? విప్పి బాగుచేసుకునే పని నాతోటి అయితదా? ఫోటో పంపిన, చూడుండ్రి.

జవాబు: చెల్లె, మీ బాపు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతకకుండా ఇన్ని సామాన్లు మార్చారు.

నీ ఉత్తరంలో రెండు గుర్తులు ఉన్నాయి. తిప్పితే వారం పది రోజులు మంచిగుండి మళ్లీ మొదటికి రావడం ఒకటి. సాఫీగా పోయేటప్పుడు జర్క్ కొట్టి, గట్టిగా తొక్కితే పోవడం రెండోది. ఇవి రెండు వేర్వేరు లోపాలు. రెండూ డిస్ట్రిబ్యూటర్ లోపలివే, అంటే ప్లగ్గులకు వంతుల ప్రకారం కరెంటు పంచే ముక్క లోపలివే. ఫోటోలో పక్కన వాక్యూమ్ డబ్బా, దాని మొదట్లో గీతలు గీతలుగా ఉన్న చిన్న తిప్పుడు నట్టు కనబడుతున్నాయి కాబట్టి మీది లూకాస్ 25డి4 తరహా డిస్ట్రిబ్యూటర్. ఇంగ్లండులో మోరిస్, ఎంజీ బండ్లకు పెట్టింది ఇదే. అంబాసిడర్ కూడా మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండే కదా. ఇంజిన్ బీఎంసీ వాళ్ల 1,489 సీసీది. కాబట్టి దాన్ని విప్పి బాగుచేసే పద్ధతి పాతది, తెలిసింది, చక్కగా చేతికి వచ్చేది. కొత్తది కొనొద్దు. డీజిల్ ఇంజిన్ మాట అసలే వద్దు.

ముందు మొదటి లోపం సంగతి. సీబీ పాయింట్ అంటే కాయిల్ కరెంటును కలిపి తెంచే చిన్న స్విచ్చు. దాని కదిలే చేతికి చిన్న ఫైబర్ ముక్క ఉంటుంది, దాన్నే హీల్ అంటారు. నడుమ నాలుగు మూలల క్యామ్ తిరుగుతుంటే ఒక్కో మూల వచ్చి ఆ హీల్‌ను తోస్తుంది. పాయింట్ తెరుచుకుంటుంది, కాయిల్‌లో కరెంటు తెగుతుంది, ప్లగ్గులో స్పార్క్ పడుతుంది. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ అందులో సగం, అంటే 1,500 చుట్లు తిరుగుతుంది. చుట్టుకు నాలుగు సార్ల చొప్పున పాయింట్ నిమిషానికి 6,000 సార్లు తెరుచుకోవాలి. ఇప్పుడు క్యామ్ మీద గ్రీజు లేదనుకో. ఎండిన ఇనుము మీద ఫైబర్ ఒరుసుకుంటూ పోతుంది. హీల్ అరిగిన కొద్దీ పాయింట్ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, స్పార్క్ ఆలస్యమవుతుంది, పికప్ పడిపోతుంది. మీ మెకానిక్ డిస్ట్రిబ్యూటర్ బాడీని కొంచెం తిప్పినప్పుడు ఆ ఆలస్యాన్ని సరిచేస్తున్నాడు. అందుకే బండి బాగుంటుంది. హీల్ అరగడం మాత్రం ఆగలేదు, అందుకే పది రోజులకు మళ్లీ అదే కథ. కొత్త పాయింట్ వేసినా అంతే, ఎండిన క్యామ్ మీద కొత్త హీల్ కూడా అదే తీరుగా అరుగుతుంది. బాడీ తిప్పి తిప్పి టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, సరిపెట్టడం నాకు ససేమిరా నచ్చని పని. గ్యాప్ చూడకుండా టైమింగ్ ముట్టొద్దు. గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది, కానీ టైమింగ్ మార్చితే గ్యాప్ మారదు. అందుకని ఎప్పుడైనా గ్యాపే ముందు.

ఇక రెండోది. సగం ఎక్సిలేటర్ మీద సాఫీగా పోయేటప్పుడు కార్బురేటర్ దగ్గర వాక్యూమ్ బాగా ఉంటుంది. అది సన్నటి పైపు గుండా వాక్యూమ్ డబ్బాలోని రబ్బరు పొరను లాగుతుంది, ఆ పొర సీబీ పాయింట్ కూర్చున్న ప్లేటును కొద్దిగా తిప్పి స్పార్క్‌ను ముందుకు తెస్తుంది. గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి ప్లేటు వెనక్కి వస్తుంది. నీకు జర్క్ వచ్చేది ప్లేటు తిరిగి ఉన్నప్పుడు, పోయేది ప్లేటు వెనక్కి వచ్చినప్పుడు. ఈ తరహాలో ప్లేట్లు రెండు ఉంటాయి. కిందిది స్థిరం, పైది కదిలేది. ఆ రెంటినీ కలుపుతూ ఒక చిన్న ఎర్త్ వైరు ఉంటుంది. పాయింట్ నుంచి బయటి టెర్మినల్‌కు పోయే మరో సన్నటి వైరు కూడా ప్లేటుతో పాటే ఊగుతుంది. ఏళ్ల తరబడి ఊగి ఊగి వైరు లోపలి పోగులు తెగుతాయి, పైన తొడుగు మాత్రం మంచిగానే కనబడుతుంది. ప్లేటు ఒక వైపు ఉంటే పోగులు తాకుతాయి, ఇంకో వైపు లాగితే విడిపోతాయి. విడిపోయినప్పుడల్లా నీకొక జర్క్.

ఇది నిజమా కాదా తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. వాక్యూమ్ డబ్బా దగ్గర పైపు ఊడదీయి. కార్బురేటర్ వైపు చివరను ఒక స్క్రూతోనో టేపుతోనో గట్టిగా మూసెయ్యి, లేకపోతే గాలి లాగి ఐడ్లింగ్ ఇంకా చెడుతుంది. అట్లనే హన్మకొండ రోడ్డు మీద కొంత దూరం పోయి రా. జర్క్ పోయిందంటే తప్పు ఆ వైర్లలోనో, పట్టేసిన ప్లేటులోనో ఉందని తేలినట్టే. పైపు లేకుండా నడిపితే పెట్రోల్ కొంచెం ఎక్కువ తాగుతుంది అంతే, ఇంజిన్‌కు నష్టం లేదు.

విప్పే ముందు ఇంకో మూడు పరీక్షలు చెయ్యి. ఇంజిన్ ఆపి, క్యాప్ క్లిప్పులు తీసి పక్కన పెట్టు. క్యాప్ కింద నడుమ తిరిగే రోటర్‌ను పట్టుకుని అది తిరిగే దిక్కుకు, మీ ఇంజిన్‌కు పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిక్కుకు, మెల్లగా తిప్పు. కొద్దిగా తిరిగి, వదలగానే స్ప్రింగుల బలంతో టక్కున వెనక్కి రావాలి. రాకుండా మెల్లగా జరిగినా, అసలు కదలకపోయినా, లోపల సెంట్రిఫ్యూగల్ బరువులు పట్టేశాయని అర్థం. అవి పట్టేస్తే వేగం పెరిగినా స్పార్క్ ముందుకు జరగదు, బండి బరువెక్కినట్టు నడుస్తుంది, ఎండాకాలం ఇంజిన్ వేడెక్కుతుంది. రెండో పరీక్షకు రోటర్ కింద షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపు. టకటక కదిలితే బుష్, అంటే షాఫ్ట్ తిరిగే గొట్టం లాంటి ముక్క, అరిగింది. మూడోది, సందులు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో పాయింట్ గ్యాప్‌ను నాలుగు మూలల మీదా విడివిడిగా కొలువు. మీ దానికి గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం ఉండాలి, అంటే సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. మెకానిక్‌లు 15 థౌ అంటారు, థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. నాలుగు మూలల్లో లెక్క ఒకటి రెండు థౌలకు మించి తేడా వస్తే షాఫ్ట్ ఊగుతున్నట్టే. ఊగే షాఫ్ట్‌తో నాలుగు సిలిండర్లకూ స్పార్క్ నాలుగు రకాలుగా పడుతుంది. నువ్వు చెప్పిన ఐడ్లింగ్ ఊగుడుకు నాకున్న మొదటి అనుమానం ఇదే.

ఇప్పుడు మీ బాపు ప్రశ్న, నూనె ఎక్కడ? నాలుగు చోట్ల. రోటర్ పైకి లాగితే క్యామ్ నడుమ ఒక స్క్రూ కనబడుతుంది. ఆ స్క్రూ విప్పాల్సిన పని లేదు, దాని పక్క సందులోంచి నూనె దిగేలా చేశారు. అక్కడ ఇంజిన్ ఆయిల్ మూడు నాలుగు చుక్కలు. క్యామ్ ప్లేటులోంచి పైకి వచ్చే చోట చుట్టూ సందు ఉంటుంది, అందులోంచి కింది బరువుల మీదికి రెండు మూడు చుక్కలు. పాయింట్ చెయ్యి తిరిగే చిన్న పిన్ను మీద ఒకే ఒక్క చుక్క, దానికి కుట్టు మిషన్ నూనె అయినా చాలు. ఇక క్యామ్ నాలుగు పక్కలకు, వేడికి కరగని మంచి గ్రీజు బియ్యపు గింజంత తీసుకుని పలుచగా రుద్దాలి. కొందరు ప్రేమగా గ్రీజు దట్టంగా పెడతారు. అది వేగానికి చిమ్మి పాయింట్ మొహాల మీద పడుతుంది, కాలి నల్లబడుతుంది, కరెంటు దాటదు. నూనె అయినా గ్రీజు అయినా పాయింట్ మొహాలకు తగలొద్దు. తగిలితే పెట్రోల్‌లో తడిపిన గట్టి కాగితం ముక్కను పాయింట్ నడుమ పెట్టి లాగాలి. ఇదంతా 5,000 కిలోమీటర్లకు ఒకసారి చేసే పని. మీ బండి తక్కువ తిరుగుతుంది కాబట్టి కిలోమీటర్ల లెక్క పెట్టుకోకుండా ఏటా ఎండాకాలం మొదట్లో ఒకసారి, దసరాకు ఒకసారి చూసుకో. నిలబడ్డ బండిలోనే గ్రీజు ఎక్కువ గట్టిపడుతుంది.

పరీక్షల్లో షాఫ్ట్ ఊగలేదు, రోటర్ మంచిగా వెనక్కి వస్తున్నది అంటే విప్పాల్సింది ప్లేటు వరకే. వైర్లు మార్చి, నూనె పెట్టి, గ్యాప్ సరిచేస్తే సరిపోతుంది. షాఫ్ట్ ఊగితే మాత్రం మొత్తం బయటికి తీయాల్సిందే. ఆ పని నీతో అవుతుంది. ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టు. బుష్ పని ఒక్కటి లేత్ మిషన్ దగ్గర చేయించు.

తీసే ముందు బ్యాటరీ వైరు విప్పు. ఒకటో నంబర్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రం మీద వేలు పెట్టి ఇంజిన్‌ను చేత్తో తిప్పు. గాలి వేలిని తోస్తున్నప్పుడు పుల్లీ గుర్తు టైమింగ్ కవర్ మీది ముల్లు దగ్గరికి వచ్చేదాకా తిప్పి ఆపు. అప్పుడు రోటర్ ఒకటో నంబర్ ప్లగ్గు వైరు దిక్కు చూస్తుంటుంది. ఫోన్‌తో ఫోటోలు తీసుకో, బాడీ మీదా క్లాంప్ మీదా ఇంజిన్ బ్లాక్ మీదా సుద్దముక్కతో కాకుండా, తుడిస్తే పోకుండా ఒక గీత గీసుకో. డిస్ట్రిబ్యూటర్ మెడను బిగించే బోల్టు జోలికి పోకు. క్లాంప్ ప్లేటును బ్లాక్‌కు పట్టి ఉంచే రెండు బోల్టులు మాత్రమే తీసి, ప్లేటుతో సహా బయటికి లాగు. అట్లయితే తిరిగి పెట్టినప్పుడు టైమింగ్ దాదాపు ఉన్నచోటికే వస్తుంది. ఆ తర్వాత ఇంజిన్‌ను ఎవరూ తిప్పకుండా చూడు.

బల్ల మీద పాత తెల్లగుడ్డ పరిచి పని చెయ్యి. వాషర్లు ఎక్కడ పడినా కనబడాలి. వాక్యూమ్ డబ్బా కొక్కెం కదిలే ప్లేటులోని పిన్నుకు తగిలించి ఉంటుంది, దాన్ని విడిపించు. టెర్మినల్ పక్కకు జారుతుంది. ప్లేటును అంచున రెండు స్క్రూలు పట్టి ఉంచుతాయి, వాటిలో ఒకదాని కిందే ఎర్త్ వైరు ఉంటుంది. ప్లేటు పైకి తీస్తే బరువులు, రెండు స్ప్రింగులు కనబడతాయి. ఇక్కడ కొద్దిసేపు ఆగి చూడు. స్ప్రింగులు రెండూ ఒక్క తీరుగా ఉండకపోవచ్చు. ఒకటి సన్నగా ఉండి ఎప్పుడూ బిగుతుగా ఉంటుంది, ఇంకొకటి లావుగా, కొన పొడుగ్గా ఉండి వదులుగా వేలాడినట్టు ఉంటుంది. ఆ వదులు చూసి సాగిపోయిందనుకుని కొందరు పట్టకారుతో వంచి బిగిస్తారు. అది కావాలని పెట్టిన వదులు. తక్కువ వేగంలో మొదటి స్ప్రింగు ఒక్కటే పనిచేయాలి, వేగం పెరిగాక రెండోది అందుకోవాలి. వంచితే ఆ క్రమం చెడి ఇంజిన్‌కు కావలసిన అడ్వాన్స్, అంటే స్పార్క్ ముందుకు జరగడం, అందదు. ఇంకో బండి డిస్ట్రిబ్యూటర్‌లోంచి స్ప్రింగులు తీసి దీనికి వేయడం కూడా అంతే తప్పు. బయటికి చూస్తే ఒకే తరహా అనిపించినా ఒక్కో ఇంజిన్‌కు అడ్వాన్స్ లెక్క వేరుగా పెట్టారు.

క్యామ్ నడుమ స్క్రూ తీసి, స్ప్రింగులు విప్పి, క్యామ్‌ను పైకి లాగే ముందు దాని మీదా కింది బరువుల ప్లేటు మీదా గుర్తు పెట్టుకో. క్యామ్ అటు దిక్కుకు తిప్పి పెట్టినా కూర్చుంటుంది, రోటర్ మాత్రం సరిగ్గా ఎదురు దిక్కు చూస్తుంది. షాఫ్ట్ అడుగున నాలుకలా ఉండే డ్రైవ్ ముక్కకు కూడా ఇదే జాగ్రత్త. ఆ నాలుక నట్టనడుమ ఉండదు, కొంచెం పక్కకు ఉంటుంది, ఇంజిన్‌లో ఒకే తీరుగా దిగడానికి అట్లా చేశారు. దాన్ని పట్టి ఉంచే పిన్నును సన్నటి పంచ్‌తో కొట్టి తీశాక మళ్లీ తలకిందుగా వేస్తే ఒకటో సిలిండర్ స్పార్క్ నాలుగో దానికి పోతుంది, కార్బురేటర్‌లోంచి ఫట్టుమని మంట తంతుంది. పిన్ను తీసేముందే నాలుక మీద, షాఫ్ట్ మీద కలిపి ఒక గీత గియ్యి. ఆ ముక్కకూ బాడీకీ నడుమ ఒక వాషర్ ఉంటుంది, దాన్ని పోగొట్టుకోవద్దు.

కడగడానికి గ్యాస్ నూనె (కిరోసిన్) చాలు. బరువులు, షాఫ్ట్, ప్లేట్లు, స్ప్రింగులు అన్నీ అందులో వేసి బ్రష్‌తో రుద్దు. మన దిక్కు దుమ్ము సంగతి నీకు చెప్పనక్కరలేదు. కరీంనగర్ దిక్కు గ్రానైట్ లారీల వెనక పోయిన బండి అయితే క్యాప్ సందుల్లోంచి ఆ పొడి లోపలికి దిగుతుంది, పాత నూనెతో కలిసి షాఫ్ట్‌ను రాస్తూనే ఉంటుంది. అందుకే పాత గ్రీజు మీద కొత్తది పూయకుండా పూర్తిగా కడిగి పెట్టాలి. వాక్యూమ్ డబ్బాను, క్యాప్‌ను, రోటర్‌ను మాత్రం గ్యాస్ నూనెలో వేయొద్దు. డబ్బాలోని రబ్బరు పొర పాడవుతుంది. దాని పైపు నోట్లో పెట్టుకుని గాలి పీల్చి నాలుకతో మూసి పట్టు. కొక్కెం లోపలికి పోయి అట్లనే నిలిస్తే పొర మంచిగున్నట్టు. వెంటనే వెనక్కి జారితే పొర చిరిగింది, డబ్బా మార్చాలి.

బుష్ సంగతి లేత్ అతనికి పని ఇచ్చే ముందే నువ్వు తెలుసుకుని పో, ఎందుకంటే ఎక్కువ చెడేది అక్కడే. కంపెనీ బుష్ మామూలు ఇత్తడి ముక్క కాదు. లోహపు పొడిని అదిమి చేసింది, లోపలంతా సన్నటి రంధ్రాలు ఉంటాయి, ఆ రంధ్రాల్లో నూనె దాచుకుని షాఫ్ట్‌కు కొద్దికొద్దిగా ఇస్తుంది. కాబట్టి కొత్త బుష్‌ను బిగించే ముందు ఇంజిన్ ఆయిల్‌లో కనీసం 24 గంటలు నానబెట్టాలి. తొందర ఉంటే నూనెను 100 డిగ్రీల దాకా వేడి చేసి రెండు గంటలు అందులో ఉంచి, ఆ నూనెలోనే చల్లారనివ్వాలి. బిగించాక షాఫ్ట్ బిగుతుగా ఉందని రీమర్‌తో గీకించొద్దు. గీకితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి, బుష్ ఎండిపోతుంది. షాఫ్ట్ అంత మందంగా, నున్నగా ఉన్న కడ్డీ పెట్టి, దాని మీదుగా బుష్‌ను వైస్‌లో నెమ్మదిగా అదిమితే లోపలి కొలత చెడదు. పాత బుష్ ఎంత లోపలికి ఉందో తీసే ముందే కొలిచి పెట్టుకోవాలి. అట్లాంటి బుష్ దొరకక గన్‌మెటల్‌తో లేత్ మీద చేయిస్తే అదీ పనిచేస్తుంది. కాకపోతే అది నూనె దాచుకోదు, లోపల నూనె గాడి పెట్టించాలి, నువ్వు చుక్క వేయడం మరిచిపోవద్దు. షాఫ్ట్‌ను వెలుతురులో తిప్పి చూడు. బుష్ కూర్చునే చోట గాడి పడిందా అని గోటితో తడుము. గోరు తట్టుకుంటే షాఫ్ట్ కూడా పోయినట్టే, కొత్త బుష్ ఒక్కటే వేసి లాభం లేదు. పని అయ్యాక షాఫ్ట్ చేత్తో హాయిగా తిరగాలి, పక్కకు ఊపితే కదలకూడదు.

తిరిగి బిగించేటప్పుడు బరువుల పిన్నులకు పలుచగా నూనె, రెండు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారే చోట పలుచగా గ్రీజు. ఎర్త్ వైరుకు ఇంటి వైరింగు వైరు వాడొద్దు. అది బిరుసు, ప్లేటును తిరగనివ్వదు, తొందరగా తెగుతుంది. సన్నటి పోగులు ఎక్కువ ఉన్న మెత్తటి వైరు తీసుకుని, ప్లేటు పూర్తిగా తిరిగినా లాగకుండా కొంచెం వదులు ఉంచి టంకం పెట్టించు. తర్వాత పాయింట్ స్ప్రింగు, కండెన్సర్ వైరు, టెర్మినల్ వైరు, మూడూ ఒకే పిన్ను దగ్గర కలుస్తాయి. అవి మూడూ ఒకదానికొకటి తగలాలి, ఆ పిన్నుకు మాత్రం తగలకూడదు. నడుమ ఉండే ప్లాస్టిక్ తొడుగు, ఫైబర్ వాషర్లు అందుకే. అది తారుమారు చేసి, స్పార్క్ రాక, కాయిల్ పోయిందని కొత్త కాయిల్ కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు. కొత్త పాయింట్ మొహాల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, పెట్రోల్ గుడ్డతో తుడిచి బిగించు.

డిస్ట్రిబ్యూటర్ లోపల పెట్టాక గ్యాప్ 15 థౌ పెట్టు, తర్వాత టైమింగ్. పన్నెండు వోల్టుల చిన్న బల్బుకు ఒక వైరు డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కు, ఇంకోటి ఎర్త్‌కు తగిలించి కీ ఆన్ చెయ్యి. ఒకటో సిలిండర్‌కు పుల్లీ గుర్తు మీ బండి మాన్యువల్ చెప్పిన డిగ్రీ మీద ఉండగా, బాడీని మెల్లగా తిప్పుతుంటే పాయింట్ తెరుచుకునే క్షణంలో బల్బు వెలుగుతుంది. అక్కడ బిగించు. ప్లగ్గు వైర్ల వరుస 1-3-4-2, గడియారానికి ఎదురు దిక్కుకు. తర్వాత వరంగల్ పోయినప్పుడు టైమింగ్ లైట్ ఉన్న షాపులో ఒకసారి చూపించు. వాక్యూమ్ పైపు తీసి, రేస్ పెంచుతుంటే గుర్తు నిలకడగా ముందుకు జరగాలి, రేస్ వదిలితే మళ్లీ అదే చోటికి రావాలి. గుర్తు వణికితే షాఫ్ట్ ఇంకా ఊగుతున్నట్టు.

ఎలక్ట్రానిక్ కిట్ సంగతి అడిగావు. నేను దానికి వ్యతిరేకిని కాదు. పాయింట్, కండెన్సర్ గొడవ తప్పుతుంది, హీల్ అరుగుడు ఉండదు. కానీ అది కూర్చునేది ఈ షాఫ్ట్ మీదే, తిరిగేది ఈ ప్లేటు మీదే, అడ్వాన్స్ ఇచ్చేది ఈ బరువులే. ఊగే షాఫ్ట్ మీద, పట్టేసిన బరువుల మీద కిట్ పెడితే డబ్బు పోతుంది, లోపం అట్లనే ఉంటుంది. ముందు దీన్ని బాగుచెయ్యి. తర్వాత కిట్ కావాలా వద్దా నీకే తెలుస్తుంది. ఒకవేళ పెట్టినా పాత పాయింట్, కండెన్సర్ సంచిలో కట్టి డిక్కీలో ఉంచు.

ఇంకొక మాట. మంచిగా నడుస్తున్న పాత కండెన్సర్‌ను కేవలం పాతదని తీసి పారెయ్యకు. ఇప్పుడు బజార్లో దొరికే కొత్తవాటిలో నాసిరకం ఎక్కువ, వేడెక్కగానే పనిచేయడం ఆపేవి ఉంటాయి. మీరు తీసిన పాతది ఇంట్లో ఉంటే వెతికి పెట్టుకో. రోటర్ కూడా అంతే. ఇత్తడి ముక్కను రివెట్‌తో బిగించిన కొన్ని కొత్త రోటర్లలో కరెంటు రివెట్ గుండా కిందికి, షాఫ్ట్‌లోకి దిగిపోతుంది. అనుమానం వస్తే క్యాప్ తీసి, కీ ఆన్ చేసి, కాయిల్ నడుమ వైరును బాగా ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో పట్టుకుని, కొనను రోటర్ ఇత్తడికి మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉంచు. మూసి ఉన్న పాయింట్‌ను ఎండు పుల్లతో తెరుస్తూ చూడు. ప్రతిసారీ రోటర్ మీదికి స్పార్క్ గట్టిగా దూకుతుంటే ఆ రోటర్ లీకు కొడుతున్నది. దగ్గర్లో పెట్రోల్ గుడ్డ ఏదీ లేకుండా చూసుకుని చెయ్యి, చేత్తో వైరు పట్టుకోకు, షాక్ గట్టిగా కొడుతుంది. క్యాప్ లోపల నడుమ ఉండే చిన్న బొగ్గు ముక్క స్ప్రింగు మీద పైకీ కిందికీ ఆడుతుందో లేదో, నల్లటి సన్న గీతలు పడ్డాయో చూడు. గీత ఉంటే క్యాప్ మార్చాల్సిందే, గీకితే పోదు.

వానాకాలం స్టార్ట్ కాకపోతే డబ్బాలో వచ్చే స్ప్రే కొట్టమని చాలామంది చెబుతారు. తడి ఆరడానికి క్యాప్ మీద కొట్టుకో, తప్పు లేదు. లోపల నూనె బదులు అదే కొడితే మాత్రం ఉన్న గ్రీజును కరిగించి కడిగేస్తుంది, కొన్నాళ్లకు షాఫ్ట్ ఇంకా ఎండిపోతుంది. నూనె పని నూనెతోనే చెయ్యాలి.

ఇదంతా చేశాక కూడా వాక్యూమ్ పైపు పెట్టినా తీసినా జర్క్ ఒక్క తీరుగానే ఉంటే, అప్పుడు చూడాల్సింది పెట్రోల్ దారి, అంటే కార్బురేటర్ జెట్టు, ఫ్లోట్ గిన్నెలో చెత్త, పెట్రోల్ పంపు. వాటి గురించి అడగాలంటే రెండు కొలతలు తీసుకుని రాయి. నాలుగు మూలల మీద గ్యాప్ ఎంతెంత వచ్చింది, ప్లగ్గుల మొహాలు ఏ రంగులో ఉన్నాయి. విప్పేటప్పుడు బాపును పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకో. షాఫ్ట్ ఎంత ఊగుతుందో, స్ప్రింగు ఎంత బిగువుందో చెప్పడానికి ఆయనకు చూపు అక్కరలేదు, చేతికి ఇస్తే చాలు.